పట్టుగూళ్ల గిలక్కాయ

మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు చింతామణి ఊళ్లోని మా ఇంట్లో నాకొక గిలక్కాయ చప్పుడు వినిపిస్తుంది. ఎండిన గింజలు కాయలో కదిలినంత సన్నటి చప్పుడు. మొదట్లో లేచి వెతికేదాన్ని. వంటిల్లు, వరండా, కుందేలు గూడు అన్నీ చూసి వచ్చి కూర్చోగానే మళ్లీ వినిపించేది. తర్వాత లేవడం మానేశాను. అది ఎక్కడి చప్పుడో నాకు తెలుసనే అనుకున్నాను. ఆ గిలక్కాయ కట్టింది నేనే.

నేను పుట్టి పెరిగింది శిడ్లఘట్టలో. మా నాన్నకు పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసే చిన్న యూనిట్ ఉండేది. గూటిని చెవి దగ్గర ఊపి, లోపల పురుగు ఎండిందో లేదో చెప్పడం మాకు అక్షరాలకన్నా ముందు వచ్చిన విద్య. ఎండితే గలగలమంటుంది. అలాంటివి ఏడు ఏరి, పట్టుదారంతోనే గుచ్చి, ఉయ్యాలకు గిలక్కాయగా కట్టడం మా అవ్వ పద్ధతి. "రబ్బరు బొమ్మ నోట్లో పెట్టుకుంటే రోగం వస్తాది. పట్టు పెట్టుకుంటే ఏమైతాది? పట్టుకు మైల అంటదు" అనేది. ఆ మాట మీద నాకెన్నడూ అనుమానం రాలేదు. నా కూతురి ఉయ్యాలకూ అదే కట్టాను.

మూడేళ్ల కింద, పాపకు పదేళ్లప్పుడు, చిక్కబళ్లాపురం నుంచి రెండు కుందేళ్లు తెచ్చుకున్నాం. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. కుందేలు కనిపించినదల్లా కొరుకుతుంది, కొరికినది కక్కలేదు అని ఎక్కడో విన్నాను. అంతే, కుందేళ్ల గూటికి నేను కాపలాదారునయ్యాను. వాటితో పాటు కొన్న ప్లాస్టిక్ బంతిలోని గజ్జె రెండు లాగుళ్లకే నా చేతికి వచ్చింది. బంతి బయట పడింది. దూరి ఆడుకునే గుడ్డ గొట్టంలో ఇనుప తీగ ఉంది. అదీ బయటికే. అట్టపెట్టెలకు పిన్నులు పీకి, టేపు ఒలిచి ఇచ్చేదాన్ని. పాప పాత సాక్సుతో, నల్లదారంతో ఒక బొమ్మ కుట్టి తెస్తే, కళ్లకు పెట్టిన గుండీలు తీయించి, దారం కొసలన్నీ మొదలంటా కత్తిరించాకే లోపలికి పోనిచ్చాను.

"ఏమ్మా, ఏర్‌పోర్టులో చేసినట్ల చేస్తాండావే!" అని పాప నవ్వింది.

నాకు గర్వంగానే ఉండింది. ఆ గర్వంలోనే ఒక ఆదివారం శిడ్లఘట్ట నుంచి ఏడు పట్టుగూళ్లు తెచ్చి, అవ్వ కట్టినట్టే కట్టి, కుందేళ్ల గూటి పైకమ్మికి వేలాడదీశాను. తెల్లది వెనక కాళ్ల మీద లేచి ముక్కుతో పొడిచేది. గలగల. మళ్లీ పొడిచేది. బూడిదది పిరికిది, కింద కూర్చుని చెవులు మాత్రం ఎత్తేది. దారం ఎంత గట్టిదో చూడాలని నాకు తోచలేదు. పట్టు కదా. ఇంట్లో మనిషిని సోదా చేస్తామా?

పది రోజులకు తెల్లది మేత మానేసింది. మూలకు ముడుచుకుని పళ్లు నూరుతూ కూర్చుంది. ఎండదెబ్బ అనుకుని తడిగుడ్డ పరిచి ఒక రోజంతా పోగొట్టాను. మరునాడు పాపా నేనూ బుట్టలో పెట్టుకుని దనాల ఆస్పత్రికి పోయాం. పశువుల డాక్టరు దాని పొట్ట నొక్కి, నోరు తెరిచి టార్చి వేశాడు. పాప దానికి నీళ్లు తేవడానికి కొళాయి దగ్గరకు పోయి ఉంది.

"దారం మింగిందమ్మా. నాలిక కింద కొస కనపడతాండాది చూడండి. మీరు లాగొద్దు, పేగు కోసుకుపోతాది. బెంగుళూరుకు ఎత్తుకోని పోండి, బిరీన."

చూశాను. పసుపుపచ్చని కొస. మా నాన్న యూనిట్‌లో తీసిన దారం రంగే.

బస్సు హొసకోట చేరకముందే నా ఒళ్లో అది చనిపోయింది. పాప చేయి దాని చెవుల మీదే ఉంది. "ఏమైందమ్మా దీనికి?" అంది. "ఏదో దారం మింగిందంట" అన్నాను. పాప ముఖం తెల్లబోయింది.

"నా బొమ్మదే" అంది.

కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. బస్సులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు, ఇంటికి పోయి చెబుదాం అనుకున్నాను. ఇంటికి పోయి, పాప నిద్రపోయి లేచాక చెబుదాం అనుకున్నాను. పొద్దున చెత్త ఎత్తుకుపోయే కసువు బండి వచ్చింది. పాప ఏడుస్తూ తన బొమ్మను అందులో వేసింది. అరుగు మీద నిలబడి చూశాను. భయపడ్డాను, అంతే. నన్ను చూసే ఆ కళ్లు మారిపోతాయని భయపడ్డాను.

గిలక్కాయను అంతకుముందే తీసేశాను. కింది పట్టుగూడు లేదు, దాని దారం జానెడు తెగి ఉంది. బండిలో వేస్తే పాప చూస్తుందని బీరువాలో పెళ్లిచీర కింద దాచాను. ఉడికే నీళ్లలో పురుగులు చచ్చే వాసన మధ్య పెరిగినదాన్ని, ఒక కుందేలుకు ఇంత వణుకేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఆ పురుగుల చావును మా ఇంట్లో ఎవరూ పసిపిల్ల నెత్తిన వేయలేదు. కంచే చేను మేసింది అంటారు. మేసిన కంచె నోరు మూసుకుని చేను పక్కనే నిలబడితే దాన్ని ఏమంటారో నాకు తెలియదు.

ఆ వేసవిలోనే చప్పుడు మొదలైంది. ఇంకొకటి కూడా. చప్పుడు వినిపించిన మధ్యాహ్నాల్లో వరండాలోకి పోతే, ఎన్నడూ లేవని బూడిదది వెనక కాళ్ల మీద నిలబడి, ఖాళీ కమ్మి వైపు ముక్కెత్తి ఉండేది. చూసి లోపలికి వచ్చేసేదాన్ని.

పాప మళ్లీ సూది పట్టలేదు. గూటి పని మాత్రం అంతా తనే చూసుకుంది. నేను కుందేలును ఎత్తుకోవాలంటే ముందు నా చేతులు చూస్తుంది, కొంగు కుచ్చులు చూస్తుంది, "కొంగు దోపుకోమ్మా" అంటుంది. బెదిరిపోయిన పిల్ల, అన్నిటికీ భయపడుతోంది అనుకుని నేనే జాలిపడ్డాను.

మొన్న స్కూలు లంగా అంచు ఊడితే నా దగ్గరకు తెచ్చి, "నువ్వే కుట్టు" అంది. పదమూడేళ్ల పిల్ల. బొమ్మకు ముక్కూ మూతీ కుట్టిన చేతులు. సూదిలో దారం ఎక్కించబోయి కింద పెట్టేశాను. ఇక ఆగలేకపోయాను.

"ఆ దారం నీ బొమ్మది కాదు పాపా. నేను కట్టిన గిలక్కాయది."

పాప లంగా వదల్లేదు. "తెలుసులేమ్మా" అంది.

"తెలుసా?"

"బొమ్మ పారేసినంక గూడు కడగతాంటే పెంటికలు కనపడె. పసుపుదారానికి గుచ్చినట్ల ఉండె. నాది నల్లదారం గదా."

"మరి కుట్టడం ఎందుకు మానేసినావు?"

"ఇంట్లో దారం లేకుంటే మేలని."

"మూడేండ్లు నన్ను ఒక్క మాట అడగలేదే!"

"నువ్వే చెప్తావని కాచుకోని ఉంటి."

లేచి బీరువా తెరిచి, పెళ్లిచీర కింది నుంచి గిలక్కాయ తెచ్చి పాప చేతిలో పెట్టాను. పాప చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. నేనూ ఊపాను. ఒక గూడు కత్తిరించి చూస్తే లోపల పురుగును ఏవో చిన్న పురుగులు ఎప్పుడో తినేశాయి, గోధుమరంగు పొడి మాత్రం మిగిలింది. ఆరు గూళ్లూ అంతే. ఇన్నాళ్లూ నేను విన్నది దీన్ని కాదు.

సాయంత్రం కుందేలు దగ్గరకు పోయాను. అప్పుడే తట్టింది. వాళ్ల నాన్న చేతులు పాప ఎప్పుడూ చూడలేదు. పక్కింటి పిల్లలు రిబ్బన్లతో వచ్చి ఎత్తుకున్నా ఏమీ అనలేదు. ఈ మూడేళ్లూ సోదా చేసింది నన్నొక్కదాన్నే. కొంగు నేనే దోపుకుని, రెండు చేతులూ తిప్పి చూపించి నిలబడ్డాను. పాప వేళ్ల సందులు కూడా చూసి, గూటి తలుపు తీసింది.