అక్క పెండ్లి చీర, ఆగిపోయిన కంప్యూటరు

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు అమ్మ కాఫీ గ్లాసు తెచ్చి మౌసు పక్కన పెట్టింది. కరెంటు పోయే వేళ దగ్గర పడుతోందని గోడ గడియారం చూస్తున్నాను కాబట్టి ఆ సమయం ఇంకా గుర్తుంది. మొదటి గుక్క తాగేలోపు తెర నీలంగా మారింది, నాకు అర్థం కాని తెల్లటి అక్షరాలు వరుసగా వచ్చాయి, ఆపైన ఏ మీట నొక్కినా కదలిక లేదు. పక్క గదిలో నాయన మగ్గం చప్పుడు కూడా ఆగింది. "ఏమాయ పాపా?" అన్నాడు, మగ్గం గుంతలో నుంచే. "ఏం లేదు నాయనా, ఆలోచిస్తాండాది," అన్నాను.

ఆ రోజుల్లో ధర్మవరంలో మా వీధి మొత్తానికి కంప్యూటరు ఉన్న ఇల్లు మాదొక్కటే. దానికి తగ్గట్టు ఆ వీధి మొత్తానికి ఇంజినీరూ నేనే. నేను చేసింది హిందూపురంలో ఒక చిన్న కోర్సు. పొద్దున ప్యాసింజరు ఎక్కి, పెనుకొండ దాటేదాకా పాఠం చదువుకుని, దాటాక నిద్రపోయి, దిగి వెళ్లి ఉత్తరాలు టైపు చేయడం, బొమ్మలకు రంగులు నింపడం నేర్చుకున్నాను. చివర ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. నాయన దాన్ని పటం కట్టించి దేవుడి పటాల వరుసలోనే తగిలించాడు. అప్పటి నుంచి ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ నా దగ్గరికి రావడం మొదలైంది. ఎదురింటి మిక్సీ వచ్చింది, మూలింటి టీవీ వచ్చింది. నేను వాటిని గంభీరంగా చూసి, ఆపి మళ్లీ వేయమనేదాన్ని. (సగం సార్లు అదే పని చేసేది. నా పేరు అలా నిలబడింది.)

కానీ ఆ సాయంత్రం ఆపి మళ్లీ వేస్తే, పది నిమిషాలు బాగానే నడిచి మళ్లీ నీలమైంది. ఆ పెట్టెలో అక్క పెండ్లి చీర అంచు ఉంది. నాయన జీవితమంతా ఊరి సావుకార్లకు ముహూర్తం చీరలు నేశాడు. సొంత కూతురికి నేయడం అదే మొదటిసారి. పెండ్లి కార్తీకంలో, పెనుకొండ సంబంధం. అంతకు ముందు ఏ డిజైనైనా ఆయన గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు. ఈ ఒక్కటి నా మాట నమ్మి కాగితం మీద పెట్టలేదు. నా పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఆయన చెబుతుంటే, నేను గడి గడికి రంగు నింపాను. మామిడి పిందెలు, నెమళ్లు అందరూ వేస్తారని, ఆయన చెనిక్కాయ ఆకు, అంటే వేరుశనగ ఆకు, ఎంచుకున్నాడు. ఒక ఆకు విప్పుకుని ఉంటుంది, పక్కది సాయంత్రం వేళ ముడుచుకున్నట్టు ఉంటుంది, అలా అంచు పొడవునా. ఆ బొమ్మను బట్టి మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టించాలి, అట్టలు లేనిదే నేత మొదలు కాదు. రెండో కాపీ లేదు. కాపీ తీసి పెట్టుకోవాలని కోర్సులో చెప్పారు. పరీక్షలో రాశాను కూడా.

నేను రోగం నిర్ణయించాను: వైరస్. ముద్దాయిని కూడా పట్టుకున్నాను. పెండ్లి పత్రిక నమూనా కోసం అక్క ఆ ముందు రోజు ఎవరిదో పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టింది. "నీ పెన్‌డ్రైవ్ నుంచే వచ్చింది," అన్నాను. అక్క దాన్ని నా చేతిలో పెట్టి, "జ్వరం ఉండాదేమో చెయ్యి పెట్టి చూడు, ఇంజినీరమ్మా," అంది. హిందూపురంలో నాకు కోర్సు చెప్పిన సారుకు ఫోన్ చేశాను. ఆయన పూర్తిగా వినకుండానే, "వైరస్సే మా. ఫార్మాట్ కొట్టు. నా కాడికి తెచ్చినా దుడ్లు దండగ, నేను చేసేదీ అదే," అన్నాడు. నా మాటకు పెద్ద డాక్టరు కూడా ఒప్పుకున్నట్టయింది. ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా తుడిచేయడమని నాకు తెలుసు. యంత్రం నడిచే ఆ పది నిమిషాల్లో బొమ్మను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించొచ్చు, కానీ ముద్దాయి చేతికే సొత్తు అప్పగించడం నాకు ఇష్టం లేకపోయింది. కానీ ఆ క్షణంలో నాకు చీర కన్నా రోగనిర్ణయం ముఖ్యమైపోయింది.

మరుసటి రోజు పొద్దున సీడీ పెట్టాను. 'అంతా పోతుంది, సరేనా' అని యంత్రం అడిగింది. నా వేలు మీట మీద ఉంది. నాయన అప్పటిదాకా గంటకొకసారి వచ్చి, "ఉండాదా, పోయిండాదా?" అని మాత్రం అడిగి వెళ్తున్నాడు. ఈసారి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఇది నొక్కితే మన ఆకులు ఉంటాయా పాపా?"

"ఉండవు నాయనా. మళ్లీ వేసుకుందాం."

"మళ్లీ వేస్తే అవే వస్తాయా?" కాసేపు తెర వైపు చూశాడు. "నొక్కొద్దులే. మూత ఇప్పి చూస్తామా ఒకసారి?"

మూత విప్పడం మా కోర్సులో లేదని చెప్పాను. కొంచెం కోపంగానే చెప్పాను. అప్పటికే ఆయన స్క్రూడ్రైవరు తెచ్చి పెట్టెను తిప్పాడు. వెనక నాలుగు మరలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. "తక్కిన రెండూ యాడ?" అన్నాను. నాయన లోపలికి వెళ్లి, మగ్గం సూదులు పెట్టుకునే డబ్బాలో నుంచి వాటిని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మూత తీశాం. లోపల పండగ జరిగింది. కరెంటు పెట్టెకు అడ్డంగా గంధం, దాని మీద కుంకుమ బొట్టు. డిస్కుకు ఒక బొట్టు, పచ్చటి పలక అంచున ఒక బొట్టు, చిన్న ఫ్యాను నడిమధ్యన ఒక బొట్టు, అన్నీ కొలిచి పెట్టినట్టు ఉన్నాయి. వైర్ల మధ్య ఎండిన బంతిపూల రెక్కలు. అడుగున పసుపు అక్షింతలు.

"ఎప్పుడు నాయనా?"

"ఆయుధ పూజ నాడు. నువ్వు నీళ్లు పోసుకోను పోయింటివి." మగ్గానికి పూజ చేస్తే నాడెకు, పలకకు, ప్రతి కొయ్యకూ వేరే వేరేగా బొట్టు పెడతాం. పైన కప్పిన గుడ్డకు పెట్టి ఊరుకోం. "పై డబ్బా ఉత్త రేకు, పనంతా లోపలే జరుగుతాదని నువ్వే చెప్తివి గదా. మల్ల రేకుకు పెడితే ఏం లాభం?"

నిజంగానే నేను చెప్పాను. కంప్యూటరు వచ్చిన మొదటి వారం, వీధిలో వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

ఫ్యాను వైపు వంగి చూస్తే, రెక్కకూ చట్రానికీ మధ్య ఒక్క బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది. పండగ నుంచి అది అడుగునే పడి ఉన్నట్టుంది. ముందు రోజు మధ్యాహ్నం ఊడ్చడానికి అమ్మ పెట్టెను పక్కకు వాల్చి లేపింది, అప్పుడు గింజ వెళ్లి ఫ్యానులో పడింది. ఫ్యాను తిరగక లోపల వేడెక్కి, పది నిమిషాలకొకసారి యంత్రం చేతులెత్తేస్తోంది. నా వైరస్‌కు పసుపు రాసి ఉంది.

పోగులు ఏరే చిన్న పట్టకారుతో నాయన ఆ గింజను తీశాడు. నేను తడిగుడ్డ తెచ్చి బొట్లన్నీ తుడవబోయాను. అమ్మ వంటింటి గడప మీద నిలబడి, "పెండ్లి పెట్టుకోని యాడన్నా బొట్టు తుడుస్తారా? తియ్యి ఆ గుడ్డ," అంది. యంత్రానికి ముత్తైదువతనం ఏమిటని నేను వాదించలేదు. ఆ ఇంట్లో నా పరపతి అప్పటికి అంత లేదు. అక్షింతలు, పూల రెక్కలు ఏరేసి, ఫ్యాను మీద బొట్టు అలాగే ఉంచి, రెండు మరలతోనే మూత వేశాం. కంప్యూటరు లేచింది. పది నిమిషాలు అందరం దాని ముందు నిలబడ్డాం. తెర నీలం కాలేదు. నేను ఫైలు తెరిచాను. విప్పుకున్న ఆకు, ముడుచుకున్న ఆకు, అన్నీ ఉన్నాయి. నాయన ఒక ముడుచుకున్న ఆకును వేలితో చూపించి, "దీని రంగు కొంచిం తగ్గించు," అని మగ్గం గుంతలోకి దిగాడు.

అక్క ఆ చీరతోనే పీటల మీద కూర్చుంది. పెనుకొండ వాళ్లలో ఒక పెద్దావిడ అంచు పట్టుకుని, "ఇదేం ఆకు మా, చింతాకా?" అంటే, మా అక్క ముహూర్తం వేళ కూడా ఊరుకోకుండా, "వైరస్సు," అంది.

ఆ తర్వాత ప్రతి ఆయుధ పూజకూ నాయన కుంకుమ గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఈసారి యాడ పెట్టల్ల పాపా?" అని అడిగేవాడు. నేను చోటు చూపిస్తే అక్కడే పెట్టేవాడు. నేను ఉద్యోగానికి వెళ్లి లాప్‌టాప్ కొనుక్కున్నాక దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీనికి లోపల లేదా?" అన్నాడు.

ఈ ఏడు మాకు పండగ లేదు. నాయన పోయి ఏడాది కాలేదు. పాత సామాను తీసేస్తూ మొన్న ఆ పెట్టె విప్పాను. వెనక ఇప్పటికీ రెండు మరలే ఉన్నాయి. ఫ్యాను మీద బొట్టు నల్లబడి, దుమ్ము కింద ఉంది. మీట మీద వేలు పెట్టి అంత ధీమాగా కూర్చున్న ఆ పిల్ల గుర్తుకొచ్చి కొంచెం నవ్వుకున్నాను. బొట్టు తుడవలేదు, మూత మళ్లీ బిగించాను. మగ్గం అమ్మేశాం. మా ఇంట్లో ఇప్పుడు ఏ యంత్రానికీ ఎవరూ లోపల బొట్టు పెట్టరు.