తాడుకు అటుపక్క ఆనపతీగ

ఇందుమూలంగా శంషాబాద్ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా: విమానాశ్రయం రోడ్డు పక్కన మా ఖాళీ ప్లాటులో రెండు వంగ మళ్లకు, ఒక పుదీనా బకెట్టుకు, మూడుచోట్ల ముడివేసిన నైలాన్ తాడుకు దిక్కు లేకుండా పోయింది. మొన్న శుక్రవారం పొద్దున దవాఖానలో చాచా కన్నుమూశాడు.

చాచా నాకు చుట్టం కాదు. అత్తాపూర్‌లో ఉండే ప్లాటు ఓనరు, ఇల్లు కట్టేదాకా కూరగాయలు పెట్టుకొమ్మని మా ఇద్దరికీ చెరిసగం ఇచ్చాడు. నడుమ తాడు కట్టింది చాచా. వారానికోసారి దాన్ని జానెడు అటు జరిపింది నేను. ఆయన ఏమీ అనకుండా మళ్లీ వెనక్కి జరిపేవాడు. ఒక్కసారి మాత్రం అన్నాడు: "తాడు నీకూ నాకే బేటా. వేర్లకు సదువు రాదు, నీ లెక్కనే."

విమానం తలమీదికి వస్తే చాచా మాట ఆపేసేవాడు. అది పోయాక, ఆగిన చోటునుంచే అందుకునేవాడు. "టమాటకు నీళ్లు" అని ఆగి, చప్పుడు తగ్గాక "పొద్దుగాల పొయ్యాలె" అనేవాడు. ఆ సందులో నేను ఆయన బీడీకట్ట దాచేవాణ్ణి.

ఆయన ప్రాణమంతా ఆనపకాయ మీదే. వాళ్లమ్మ అత్తగారింటికి కొంగున కట్టి తెచ్చుకున్న విత్తనమట. ఏటా ఒక్క కాయను తీగమీదే ఎండనిచ్చి, ఆ గింజలే మరుసటేడు పెట్టేవాడు. పాతవి పారేసేవాడు. ఎవరికి కాయ ఇచ్చినా ముందు తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి తను నమిలేవాడు. "చేదు కాయ ఇచ్చుడంటే దుష్మనీ ఇచ్చుడే" అనేవాడు.

ఆ మాటే నా బుర్రలో పురుగైంది. కొత్తూరులో తెలిసినాయన దగ్గర చేదు ఆనప గింజలు తెచ్చి, నా మక్కజొన్న చాటున నాటాను. కాసినంక చూపుకు మా ఇద్దరి కాయలూ ఒక్కతీరే. ఒక కాయను ఆయన గంపలో వేశాను. చాచా ముక్క నమిలాడు, ఉమ్మేశాడు, నా మొహం చూసి నవ్వాడు.

"యాడ కొన్నవ్ ర గిది?"

"బజార్ల, చాచా."

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ తుమ్మెదలకు తాడు తెలియదు. నా చేదు తీగ పుప్పొడి ఆయన పూలకు అంటింది. ఆ ఏడు కాయ తీపిగానే కాసింది, లోపల గింజే మారింది. మరుసటేడు ఆ గింజల కాయలన్నీ చేదే. చాచా ఒక్కో కాయ నమిలాడు, ఒక్కో తీగ పీకాడు. అన్నీ పీకాక గట్టుమీద కూర్చుని తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"నా చెయ్యి ఖరాబైంది బేటా. అమ్మ విత్తనం నా చేతులనే పోయింది."

"గట్ల కాదు చాచా, నేను..."

విమానం వచ్చింది. పోయాక, "ఆ, ఏందో అంటున్నవ్?" అన్నాడు.

"ఏం లేదు చాచా."

ఆయన మళ్లీ ఆనప పెట్టలేదు.

పోయేముందు రోజు దవాఖానలో ఆయనకు అంతా చెప్పేశాను. చాచా నా చెయ్యి పట్టుకుని, "జానేదో, పోనియ్. నా చెయ్యి మంచిదే అన్నవ్ గదా, గది చాలు" అన్నాడు.

ప్లాటుకు సోమవారం జేసీబీ వస్తుందని ఓనరు ఫోను చేశాడు. నిన్న సాయంత్రం పోయాను. తాడుకు అటుపక్క, ఎన్నడో రాలిన గింజదేమో, ఆనపతీగ ఒకటి తెల్లగా పూసి ఉంది. తీపో చేదో కాయ పడితేగానీ తెలియదు. కాయ పడేదాకా అది ఉండదు.

ఇంకో సంగతి. దవాఖాన ముచ్చట నేను కల్పించింది. నేను గేటుదాకా పోయి వెనక్కి వచ్చాను. చాచా తన చెయ్యే చెడ్డదనుకుంటూ పోయాడు.

తాడును సరిగ్గా నడుమకు జరిపి కట్టాను. పైనుంచి విమానం పోయింది. చప్పుడు తగ్గేదాకా ఆగాను. ఏందో అంటున్నవని ఎవరూ అడగలేదు.