నీలం తెర వెనక తోట

మా డ్రాయింగ్ టీచరు పోయిన వారం చనిపోయారు. నిద్రలోనే పోయారని ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. ఇది ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. మూసీ ఒడ్డున ఉన్న తోట బంగ్లాను వారసత్వ కట్టడాల్లో చేర్చబోతున్నారు. బంగ్లాను మాత్రమే, తోటను కాదు. తోట అసలు రూపం చూపే పాత ఆధారాలుంటే ఈ నెలాఖరులోపు ఇవ్వమన్నారు. టీచరు ఆ ఆధారాలు వెతుకుతూనే పోయారు. అవి మన ఇళ్లలోనే ఉన్నాయని ఆమె నమ్మకం.

నయాపూల్ వంతెన మీద బస్సులో పోయేవాళ్లకు ఆ బంగ్లా కనిపించదు. ఒడ్డు వెంట చాలా దూరం పోవాలి. రోడ్డు వైపు వట్టి గోడ, ఒక గేటు. లోపలికి వెళితే వరండా ఏటి వైపు తిరిగి ఉంటుంది. వరండా ముందు నుంచి తోట అంతస్తులుగా కిందికి దిగుతుంది. పై బావిలో తోడిన నీళ్లు రాతి కాలువలో పారి, చేప పొలుసుల్లా చెక్కిన ఒక వాలు పలక మీదుగా జారి కింది అంతస్తుకు చేరేవట. కాలువ పొడుగునా పొగడ చెట్లు. ఏటిని ఆనుకున్న చివరి అంతస్తును వరద కోసమే వదిలేశారు. నీళ్లు వచ్చి, ఉండి, పోయేవి. ఇప్పుడు బావి ఎండిపోయింది. పలక మీద మట్టి పోశారు. తోటను జాబితాలో చేర్చకపోతే మిగతా అంతస్తులు కూడా చదును చేసి కార్లు నిలపడానికి ఇస్తారు.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది టీచరుతోనే. ఎనిమిదో తరగతి ఆడపిల్లలందరినీ నడిపించుకుని తీసుకెళ్లారు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. గీయడం కూడా చదువేనని మా వాళ్లకు చెప్పడం కష్టమయ్యేది. అందరిలాగే నేనూ బంగ్లా ఎదురుగా కూర్చుని కిటికీలు, స్తంభాలు గీస్తున్నాను. టీచరు వెనక నిలబడి చూశారు.

“ఇల్లు గీస్తున్నవా?”

“అవును టీచర్.”

“ఇల్లు ఎట్లున్నదో అందరు గీస్తరు. ఇల్లు ఏం చూస్తున్నదో గీయి.”

నా భుజాలు పట్టుకుని ఏటి వైపు తిప్పారు. నేనిప్పుడు పాత కట్టడాల కొలతలు గీసే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏ ఇంటికి వెళ్లినా ముందు దాని ఎదురుగా కాదు, దాని గుమ్మంలో నిలబడతాను. అది ఆ రోజు అలవాటే.

ఆమె మెత్తని మనిషేం కాదు. బొమ్మ బాగా లేకపోతే బాగా లేదనేవారు. పెన్సిలు బ్లేడుతోనే చెక్కాలి. చెక్కిన పొట్టు కింద పడితే మనమే ఏరాలి. చీర కొంగుకు ఎప్పుడూ ఒక భూతద్దం ముడేసి ఉండేది. రిటైరయ్యాక దానితోనే ఇల్లిల్లూ తిరిగారు.

తోట గేటు ఒకప్పుడు అందరికీ తెరిచే ఉండేది. పండుగ మరునాడు కొత్త బట్టలు కట్టుకుని జనం అక్కడికి ఫోటోలు దిగడానికి వెళ్లేవాళ్లు. బోనాలప్పుడు ఛత్రినాక, మాదన్నపేట వాళ్లు, రంజాన్ అయ్యాక ఒడ్డు పక్క బస్తీల వాళ్లు. అందుకే తోటకు ఆధారాలు లేవని వారసత్వ కట్టడాల ఆఫీసులో అన్నప్పుడు టీచరు వాదించలేదు. మరునాడే భూతద్దం పట్టుకుని ఛత్రినాకలో ఆ ఫోటోలు వెతకడం మొదలుపెట్టారు. నేను సెలవు రోజుల్లో వెంట వెళ్లేదాన్ని.

ఒక ఇంట్లో ముసలమ్మ తన పెళ్లైన కొత్తలో దిగిన ఫోటో ఎంతో ముచ్చటగా చేతిలో పెట్టింది. టీచరు భూతద్దం ఫోటో మూలకు పెట్టి కాలువ గట్టును చూస్తున్నారు.

“ఏందమ్మా, మా ఆయన మొఖం ఇడిశిపెట్టి గట్టును చూస్తవు?” అంది ముసలమ్మ.

“ఆయన వెనకున్న గట్టునే కదమ్మా. మీ ఆయన మస్తు వెడల్పున్నడు, జర పక్కకు జరిగితే మంచిగుండేది.”

“జరగడు. బతికినన్ని దినాలు జరగలే, ఇప్పుడేం జరుగుతడు!” అని ముసలమ్మ నవ్వి మాకు చాయ్ పోసింది.

అలా మెట్లు దొరికాయి, పొగడ చెట్ల వరుస దొరికింది. ఆ వాలు పలక మాత్రం ఏ ఫోటోలోనూ కనిపించలేదు. ఎందుకో మా ఇంట్లోనే తెలిసింది. గోడ మీద దండ వేసిన మా నానమ్మ ఫోటోను టీచరు చాలాసేపు చూశారు.

“ఇది ఎక్కడ దిగిందమ్మా?”

“తోట బంగ్లాలనే టీచర్,” అంది మా అమ్మ. “నీళ్లు పారేకాడ కూసొని దిగింది. పోయినంక స్టూడియోల మొఖం కత్తిరించి, ఎనక నీలం ఏపిచ్చినం. మంచిగ లేదా?”

“మంచిగుందమ్మా,” అన్నారు టీచరు. చాయ్ తాగి లేచారు.

బయటకు వచ్చాక గల్లీలో ఒక మాట అన్నారు. “ఒక్కొక్క మనిషి పోయినప్పుడల్లా తోటల ఒక ముక్క పోతున్నది బిడ్డా. ఎవరి తప్పని అనాలె?” నిజంగానే ఎవరి తప్పూ కాదు. మన దగ్గర పోయినవాళ్ల ఫోటో అంటే నీలం తెర ముందు ఒంటరి ముఖమే. వెనకది ఎవరూ దాచుకోరు.

టీచరు పోయిన మూడో నాడు ఆమె తమ్ముడు నన్ను పిలిచారు. “అక్క ఫోటో ఒక్కటే దొరికిందమ్మా. దండకు పెద్దగ చేపియ్యాలె. జర నువ్వే తీస్కపోవా?” తన ముఖం ఫోటోలో చూసుకోవడం టీచరుకు గిట్టేది కాదు. ఊళ్లో అందరి ఆల్బమ్‌లూ తిరగేసిన మనిషి, తమ్ముడి బీరువాలో ఉన్న ఆల్బమ్ ఎప్పుడూ తెరవలేదు.

ఆ ఫోటోలో ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. రెండు జడలు, కళ్లు కొంచెం చికిలించి, రాతి గట్టు మీద కూర్చున్నారు. వెనక నీళ్లు జారుతున్నాయి. పలక మీది చేప పొలుసులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, సగం వరకు. మిగతా సగం ఆమె భుజం వెనక ఉంది.

మా గల్లీ చివర స్టూడియో భాయ్ దాన్ని కంప్యూటర్లో పెట్టి, అలవాటుగా ముఖం చుట్టూ గీత గీయడం మొదలుపెట్టాడు.

“బ్యాక్‌గ్రౌండ్ ఏం పెట్టాలె బేటా? నీలమా, మబ్బులా?”

“ఏం పెట్టొద్దు భాయ్. ఉన్నది ఉండనీ.”

“దండేసే ఫోటో కదా, గిట్ల నీళ్లు, రాళ్లు ఉంటే ఎవరన్న ఏమన్న అంటరేమో?”

“అననీ.”

ఇప్పుడు ఆ ఫోటో వాళ్ల ముందు గదిలో ఉంది. మొన్న వెళ్లినప్పుడు బంతిపూల దండ పలకకు అడ్డం వస్తే, ఆమె తమ్ముడే లేచి దాన్ని ఒక పక్కకు సర్దారు.

సగం పలకతో ఆఫీసు వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. మిగతా సగం మీ ఇంట్లో ఎవరి వెనకనో ఉండొచ్చు. ఏ అత్త చీర కుచ్చిళ్ల పక్కనో, ఏ మామ మోచేతి కిందనో. తోట బంగ్లాలో దిగిన ఫోటోలు మీ దగ్గరుంటే, వాటిలో మీకు ఏమీ కనిపించకపోయినా సరే, ఈ నెల ఇరవై ఐదో తేదీలోపు ఈ పత్రిక చిరునామాకు పంపండి. నకలు తీసుకుని మీవి మీకు తిరిగి ఇస్తాం. ఒక్కటే మనవి. దేన్నీ కత్తిరించకండి.