ఆట మానేసిన మర్నాడు

మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు గత సోమవారం వేకువన కన్నుమూశారు. బలిఘట్టం నుంచి పాలు తెచ్చే మనిషి గుమ్మంలో నిలబడి, "మీ బంతి మేస్టారు పోనారండీ" అన్నాడు. జీవితమంతా ఈ ఊరికి ధారపోసినందుకు ఊరు ఆయనకిచ్చిన బిరుదు అదే.

ఆయన ఆట బాస్కెట్‌బాల్. డెబ్బైలలో నర్సీపట్నంలో దాన్ని చూసినవారే అరుదు. స్కూలు వెనుక నేల చదును చేయించి, సరుగుడు దుంగలు పాతించి, బండి చక్రాలకు పట్టా వేసే కమ్మరి చేత ఇనుప రింగులు చేయించారు. విశాఖ రేవులో పనిచేసే ఆయన బావమరిది, ఓడలవాళ్లు పారేసిన అమెరికా పత్రికలు తెచ్చిపెట్టేవాడు. వాటిని ముందు పరుచుకుని సాయంత్రాలు మాస్టార్లమంతా వాదించుకునేవాళ్లం: ఆటనే వృత్తిగా చేసుకున్న ఆ మహాకాయుల్లో అందరికన్నా సఫలమైన జీవితం ఎవరిది? వారి ఆట ఒక్కటీ చూసి ఎరుగం. గొంతులు మాత్రం చించుకునేవాళ్లం. ఎక్కువ పాయింట్లు వేసినవాడిదని లెక్కల మాస్టారు, జట్టుకు ఎక్కువ కప్పులు తెచ్చినవాడిదని నేను.

"మీ తెలుగు కిలాసుకి ఎన్ని కప్పులొచ్చాయని మేస్టారూ, అంతలా మాటాడతన్నారు?" అని డ్రిల్లు మాస్టారు నన్ను గిల్లేవారు.

"ముందు 'మాట్లాడుతున్నారు' అనండి."

"బంతికి యాకరణం లేదండీ బాబూ!"

నవ్వులయ్యాక తీర్పు ఆయనే చెప్పేవారు. "కప్పులొగ్గీండి, పాయింట్లొగ్గీండి. ఆట మానీసిన మర్నాడు ఆ మనిసి ఏటి తిన్నాడో సెప్పండి. కెరీరంటే అదీ."

ఆయనా ఒకప్పుడు విశ్వవిద్యాలయ జట్టులో ఆడినవారే. మా స్కూలు ఆయనను ప్రార్థనవేళ వరుసలు సరిచేయడానికి వాడుకుంది.

కృష్ణదేవిపేట అవతలి కొండ ఊరినుంచి వచ్చి, హాస్టల్లో ఉండి చదివిన ఒక పొడగరి మీదే ఆయన ఆశలన్నీ. ఇంటినుంచి ఉడికించిన గుడ్లు జేబులో వేసుకొచ్చి, దగ్గర నిలబడి తినిపించేవారు. విశాఖలో ఒక సంస్థ తన జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేస్తోందనీ, నెగ్గినవారికి ఉద్యోగం ఖాయమనీ తెలిసిన రోజున, ఆయన స్కూలంతా తిరిగి అందరికీ బెల్లం ముక్క పంచారు.

ఎంపిక రోజునే మా ఊరికి మంత్రిగారి రాక. పిల్లలందరూ రోడ్డు పొడవునా నిలబడాలనీ, పొడగరి అందరికన్నా ముందు పెద్ద జెండా పట్టుకోవాలనీ స్కూలు కమిటీ పెద్ద ఆజ్ఞాపించారు.

"ఆడినొక్కడినీ ఒగ్గీండి బాబూ. బేగెల్లాలి, బస్సెల్లిపోద్ది" అని డ్రిల్లు మాస్టారు చేతులు జోడించారు.

"మంత్రిగారికంటే మీ బంతి ఎక్కువేటండీ?" అన్నారు కమిటీ పెద్ద.

మంత్రిగారు మధ్యాహ్నం దాటాక వచ్చారు. కారు ఆగలేదు.

మరో అవకాశం రాలేదు. ఆ పొడగరి ఇప్పుడు సంతలో చింతపండు బస్తాలు దించుతున్నాడు. ఆ తరువాత డ్రిల్లు మాస్టారు పత్రికలు తీయడం మానేశారు. ఒక సాయంత్రం నేనే పాత వాదన కదిపాను. ఆయన బంతికి గాలి కొడుతూ, తలెత్తకుండానే, "అది తేలిపోనాదండీ. బస్సు దొరికినోడే గొప్పోడు" అన్నారు.

నిన్న ఆ మైదానంలోనే సంతాప సభ పెట్టారు. షామియానా తాడు ఒకటి రింగుకు కట్టారు. ఆ కమిటీ పెద్దే మైకు పట్టుకుని, "వాలీబాల్‌కు అంకితమైన మహనీయుడు" అన్నారు. నేను లేచి, "బాస్కెట్‌బాల్" అన్నాను.

"ఏదైతేనేం, బంతే కదా! కూకోండి మేస్టారూ."

జనం నవ్వారు. రెండు నిమిషాల మౌనం పాటించాల్సిన సభలో అదీ జరిగింది.

అందరూ వెళ్లాక షామియానా పనివాళ్లు రింగు ముడి అందక బల్ల కోసం వెతుకుతున్నారు. చివర నిలబడి ఉన్న పొడగరి తలగుడ్డ విప్పి పక్కన పెట్టాడు. కాస్త వెనక్కి నడిచి, పరుగెత్తుకొచ్చి ఎగిరాడు. ఒక చేత్తో రింగు పట్టుకుని వేలాడుతూ, రెండో చేత్తో ముడి విప్పాడు. తాడు జారి పడింది. అతడు దిగి, తలగుడ్డ చుట్టుకుని, సంతవైపు నడిచాడు.

రింగు ఇంకా ఊగుతూనే ఉంది.