కాలేజీ గేటు పక్కన మా ఫ్లెక్సీ

నంద్యాలలో మా ఆయనా నేనూ ఫ్లెక్సీ షాపు నడుపుతున్నాం. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, చర్చి సభలు, అహోబిలం ఉత్సవాలు, ఏవైనా వేస్తాం. డిజైన్ పని నాది. ఒక ఏడాది, కాలేజీలు తెరిచే ముందు ఒకాయన వచ్చి, ఫోన్లో పందేలు కాసే ఆటకు ఫ్లెక్సీలు కావాలన్నాడు. బ్యాగు తగిలించుకుని నవ్వుతున్న కుర్రాడి బొమ్మ, పక్కన "స్టూడెంట్స్‌కు మొదటి పందెం ఫ్రీ" అన్న అక్షరాలు. అవి దూరానికి కూడా కనబడాలని పసుపు రంగు వేసింది నేనే. బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

వారం తర్వాత ఆళ్లగడ్డలో మా అక్కను చూడటానికి వెళ్లాను. బస్సు దిగి నడుస్తుంటే కాలేజీ గేటు పక్కన ఆ ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని ముందు కొందరు పిల్లలు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో డిగ్రీ మొదటి ఏడు చదివే మా అక్క కూతురూ ఉంది.

"ఏం చేస్తాండావ్ ఈడ?" అని అడిగాను.

"మొదటిది ఫ్రీ అంట చిన్నమ్మా, అందరూ ఆడతాండారు. అడుగున మీ షాపు పేరుంది సూడు. మీరేసినారంటే మంచిదేలే అనుకున్యా."

అక్క ఇంటికి పోయి అన్నాలు తినేటప్పుడు దానికి చెప్పాను. "అది మంచిది కాదు. నేను ఆలోచించకుండా ఏసినా. తప్పు నాదే."

అక్క కూతురు అప్పుడే ఫోన్లోంచి ఆ ఆటను తీసేసింది. "మరి గేటు కాడ ఉండేది ఎవరు తీస్తారు?" అంది.

మరునాడు ఇద్దరం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం. ఆయన కిటికీలోంచి చూసి, "రోజూ దాని పక్కనుంచే వస్తాండా, చదవనే లేదమ్మా" అన్నాడు. వెంటనే వాచ్‌మన్‌తో విప్పించాడు. తన అనుమతి లేకుండా గేటు దగ్గర ఏదీ కట్టకూడదని నోటీసు పెట్టించాడు.

కొద్దిరోజులకు ఆ పందేల ఆటాయన అలాంటివే ఇంకొన్ని కావాలని మళ్లీ మా షాపుకొచ్చాడు.

"కాలేజీ పిల్లోళ్లకు చూపేవి ఏయంలే అన్నా," అన్నాడు మా ఆయన.

"పక్క షాపోడు ఏస్తాడు," అని అతను లేచి వెళ్లాడు. పక్క షాపాయన కొడుకులిద్దరూ డిగ్రీ చదువుతున్నారు. నేను వెళ్లి ఆళ్లగడ్డ సంగతంతా చెబితే, ఆయనా వేయనన్నాడు. ఊళ్లో మరెవరో వేశారు. రెండు మూడు చోట్ల కనబడ్డాయి కూడా. ఆళ్లగడ్డ గేటు దగ్గర మాత్రం మళ్లీ కట్టలేదు.

ఇప్పుడు ఏ పని వచ్చినా ముందు మా ఆయనా నేనూ కూర్చుని అక్షరం అక్షరం చదువుతాం. మొన్న ఆ కాలేజీవాళ్లే వాలీబాల్ పోటీలకు ఫ్లెక్సీ అడిగారు. టీ తాగుతూ, తీరుబడిగా, మనసుపెట్టి చేసిచ్చాను.