రెండు ట్రేల మధ్య జానెడు

నిన్న సాయంత్రం, పాత ఆఫీసులో నాతో పనిచేసిన అమ్మాయి ఒక ఫోటో పంపింది. నేను మొట్టమొదట ఉద్యోగం చేసిన కంపెనీ, చిన్న ఫ్యాక్టరీలు కూడా ఎంత ఆధునికంగా మారవచ్చో చూపించడానికి అచ్చువేసుకున్న కరపత్రంలోదట. పొడవాటి బల్ల, బల్ల వెంట కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ ఒక నీలం ట్రే, ట్రే మీదికి వంగి చూస్తున్న స్కానరు, దాని నెత్తిన పచ్చదీపం. ఇది మనం పెట్టిందే కదా, గుర్తుందా అని అడిగింది. ఢిల్లీ ద్వారకలో నా గది బాల్కనీలో నిలబడి ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసుకుని చూశాను, మనుషుల కోసం కాదు, కిటికీ వైపు నుంచి మూడో ట్రేకీ నాలుగో ట్రేకీ మధ్యనున్న ఖాళీ కోసం.

ఆరేళ్ళయింది. ఇంజినీరింగు ముగించి తెనాలి నుంచి వచ్చిన నాకు హిందీ అర్థమయ్యేది గాని నోరు పెగిలేది కాదు. ఆటో భయ్యాతో మాట్లాడటానికి కూడా ముందు మనసులో వాక్యం కట్టుకుని, కట్టుకునేలోపు ఆటో వెళ్ళిపోతే నడిచిపోయినవాళ్ళు మీలో ఉంటే, నా అవస్థ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రోజూ ద్వారకలో మెట్రో ఎక్కి, మండీ హౌస్‌లో మారి, ఫరీదాబాద్ వెళ్ళేదాన్ని. వెళ్ళేటప్పుడు పుస్తకం, వచ్చేటప్పుడు డైరీ. పగలంతా అనలేకపోయిన మాటలన్నీ ఆ డైరీలోనే అనేదాన్ని.

అక్కడ మా కంపెనీ తరఫున మేము వెళ్ళిన ఫ్యాక్టరీ చిన్నది, కార్ల లైట్లకూ హారన్లకూ వెళ్ళే వైర్లను కట్టలుగా అమర్చే చోటు. తీగల కొసలను ప్లాస్టిక్ ముక్కల రంధ్రాల్లోకి ఒక్కొక్కటే దూర్చి, టేపు చుట్టి, ట్రేలో వెయ్యాలి. ఆడవాళ్ళ వేళ్ళు తప్ప ఇంకేవీ పనికిరావని ఓనరు గారు అనేవారు. అప్పటిదాకా అంతా నూనె మరకల కాగితం కార్డుల మీద నడిచింది. సరుకు కొనే పెద్ద కంపెనీవాళ్ళు, పాడైన కట్ట ఏ రోజు ఏ బల్ల మీద తయారైందో కంప్యూటర్లో కనిపించాలని పట్టుబట్టాక మమ్మల్ని పిలిచారు. యంత్రాలు పెట్టేముందు ఎవరు ఎంత చేస్తున్నారో చేత్తో రాయాలి కనుక, మూడు వారాలు నన్ను ఆ బల్ల చివర స్టూలు మీద కూర్చోబెట్టారు.

మూడో కుర్చీలో చిన్నకోడలు, నాలుగో కుర్చీలో పెద్దకోడలు, ఇద్దరూ తోడికోడళ్ళు. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. పొద్దున బల్ల దగ్గరికి వచ్చేసరికి ఇంటి తగువు ఇంకా ఆరి ఉండేది కాదు. నీ పప్పు చూస్తే యమున నీళ్ళు గుర్తొస్తాయని పెద్దకోడలు అంటే, అందుకే కదా జీజీ రెండుసార్లు వడ్డించుకున్నావని, ఆమెని అక్కలా జీజీ అని పిలిచే చిన్నకోడలు అనేది, బల్లంతా నవ్వేది.

నా లెక్క మాత్రం కుదిరేది కాదు. చిన్నకోడలి చేతులు చేస్తున్నదానికంటే ఆమె ట్రేలో తక్కువ తేలేవి. రెండు రోజులు నాదే తప్పనుకుని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. మూడో రోజు కనిపించింది. టేపు కోసం చెయ్యి చాచినప్పుడల్లా ఆమె ఒక కట్టను జీజీ ట్రేలో జారవిడుస్తోంది, వాళ్ళ ట్రేలు అంచుకి అంచు ఆనుకునే ఉండేవి. పెద్దకోడలికి చలికాలం నుంచి వేలి కణుపులు వాచి బిగుసుకుపోయాయి. తగువు నోళ్ళ మధ్యేగాని చేతుల మధ్య లేదు.

నేను చూశానని చిన్నకోడలు చూసింది. మధ్యాహ్నం తన రొట్టెలో సగం తుంచి, మీద మామిడికాయ పచ్చడి పెట్టి నా చేతిలో పెడుతూ మెల్లగా అంది: "దీదీ, మీరు ట్రేలు లెక్కపెట్టండి. చేతులు లెక్కపెట్టకండి."

నేను తలూపాను. నివేదికలో ట్రేలే రాశాను. చేతుల సంగతి డైరీలో రాసుకుని, ఆ రోజు ఏదో మంచిపని చేసినట్టు పొంగిపోయాను.

తరవాతి వారం ఓనరు గారి గదిలో, ఆయనా మా మేనేజరూ నేనూ కూర్చున్నాం. బల్లకొక స్కానరు పెట్టినా కొనేవాళ్ళ షరతు తీరుతుంది, కుర్చీకొకటి పెడితే ఎవరి చెయ్యి ఎంత నడుస్తోందో కూడా తెలుస్తుంది. ఓనరు గారు చెడ్డమనిషి కాదు. "బేటా, మూడు వారాలు అక్కడే కూర్చున్నావు. నువ్వు చెప్పు, బల్లకొకటి చాలదూ?" అని నన్నే అడిగారు. చాలు అనే ఆ వాక్యం నా దగ్గరుంది. పొద్దున రైల్లో నాలుగుసార్లు కట్టుకున్నాను కూడా. ఆయన ఎదురుచూశారు, మేనేజరు నా బదులు కుర్చీకొకటే మంచిదన్నాడు. అచ్ఛా, నీ మాటా అదేనా అన్నట్టు ఓనరు గారు మళ్ళీ నావైపు చూశారు. నేను తలూపాను. రొట్టె తీసుకుని ఊపినట్టే.

ట్రేలు ఆనుకుని ఉంటే స్కానరు పక్కవాళ్ళ కట్టల మీది చీటీని కూడా చదివేస్తోందని, మధ్యలో ఎడం వదిలి ట్రేలను బల్లకి మరలతో బిగించాల్సి వచ్చింది. కొలత టేపు దొరక్క నా చేత్తోనే జానెడు కొలిచి, మిస్త్రీకి పెన్సిలుతో గీత గీసి చూపించాను.

ఎవరి పేరున ఇచ్చిన తీగలు వాళ్ళ ట్రేలోనే పడాలి, పక్క ట్రేలో పడితే బజరు మోగుతుంది. మొదటి రోజే మోగింది. బల్లంతా తలతిప్పి చూసింది. చిన్నకోడలు నవ్వబోయింది. పెద్దకోడలు తన ట్రేలో పడిన ఆ కట్టను తీసి, చెయ్యి చాచి, జానెడు అవతల ఉన్న తోడికోడలి ట్రేలో పెట్టి, మళ్ళీ తన తీగల మీదికి వంగింది. కట్టలు తక్కువపడి ఆమె దీపం ఆ రోజంతా ఎర్రగానే ఉంది, మర్నాడూ అంతే. రెండు వారాలకి ఓనరు గారు పిలిచి, ఊడ్చే పని ఇస్తానన్నారట. చీపురు మా ఇంట్లోనూ ఉంది సర్‌జీ అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాట నాకు చెప్పినవాళ్ళు నవ్వలేదు.

అక్కడితో ఆగితే ఇన్నేళ్ళు మోసేదాన్ని కాదేమో. నెల తరవాత, సామాను సర్దుకుని బయల్దేరుతున్న నన్ను చిన్నకోడలు గేటు దగ్గర ఆపింది. చేతుల సంగతి ఆఫీసులో తనే చెప్పిందని జీజీ నమ్ముతోందట, నన్ను మోసి మోసి విసిగి నువ్వే చెప్పేశావు అంటోందట. పొయ్యిలు ముందే రెండు, ఇప్పుడు వరండాకి అడ్డంగా రేకు కూడా లేచింది.

"తిట్టినా బాగుండేది దీదీ, తిట్టడం లేదు. మీరొక్కసారి రండి. నేను చెప్పలేదని మీరు చెప్పండి. చదువుకున్నవాళ్ళ మాట నమ్ముతుంది."

రైలు పట్టాల పక్క గల్లీ, పిండిమర దాటాక పచ్చ తలుపు అని గుర్తులు చెప్పింది. ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారం మంచం మీద కూర్చుని, పెద్దకోడలితో అనవలసిన మాటలు డైరీలో రాసుకున్నాను, రెండు పేజీలు వచ్చాయి. అవి అంటే, మరి చెప్పిందెవరు అని ఆమె అడుగుతుంది. చెప్పినవాళ్ళు ఎవరూ లేరని, చెప్పవలసినదాన్ని చెప్పకుండా కూర్చున్నది నేనని ఏ ముఖంతో అనను? వెళ్ళలేదు. తరవాతి ఆదివారమూ వెళ్ళలేదు.

ఇప్పుడు నాకు హిందీ బాగా వచ్చు. మీటింగుల్లో నన్ను ఆపడం కష్టమని వెక్కిరిస్తారు కూడా. డైరీ తీసి చూస్తే ఆ గుర్తులన్నీ అక్కడే ఉన్నాయి, పట్టాలు, పిండిమర, పచ్చ తలుపు. మండీ హౌస్‌లో మారితే మెట్రో ఇప్పటికీ అటే పోతుంది. ఫోటోలో నాలుగో కుర్చీలో ఎవరో కొత్త అమ్మాయి ఉంది. మూడో కుర్చీలో మనిషి ముఖం స్తంభం చాటుకి పోయింది, చేతులు మాత్రం కనిపిస్తున్నాయి, చిన్నకోడలివో కావో పోల్చుకోలేకపోయాను. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. బాల్కనీ రెయిలింగు మీద వేళ్ళు చాచి జానెడు ఎంతుంటుందో చూసుకున్నాను. అంత దూరం మీదుగా ఇప్పుడు అక్కడ ఏ చెయ్యీ కట్టను జారవిడవదు.