అన్నీ ఆపేసినా మోగిన ముహురి

బర్‌గఢ్ బస్టాండు వెనక, విత్తనాల దుకాణం మేడమీది గదిలో ఖీరోదిని మెహెర్ ఇరవై రెండేళ్లుగా పాటలు కలుపుతోంది. నేతగాళ్ల పిల్ల. క్యాసెట్ల రోజుల్లో కోరస్ పాడటానికి వచ్చింది. రికార్డింగు చేసేవాడు కటక్ వెళ్లిపోతే అతని కుర్చీలో కూర్చుంది, మళ్లీ లేవలేదు.

ఆమె పద్ధతి ఆమెది. డోలు, నిసాన్, తాషా డప్పులు, సన్నాయికి చెల్లెలిలాంటి ముహురి, ఒక్కొక్కటీ తెరమీద ఒక్కో నిలువు పట్టీ. ఆ చప్పుడంతా చివరికి కుడివైపు చివరనున్న మాస్టర్ చానెల్లో పడాల్సిందే. కొత్తవాళ్లు పాటని డోలుతో మొదలుపెట్టి సర్దుతారు. ఖీరోదిని మాస్టర్ పట్టీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తుంది. అందులో రెండు ఆకుపచ్చ గీతలు ఎరుపు తాకకుండా ఎగిరితే, ఆ పూటకి ఆమెకు అన్నం సయించినట్టే.

ఆమె చేసే తప్పు కూడా ఒకటుంది. ముహురి ఊదేవాడు పాటకు ముందు వాద్యాలన్నిటికీ మొక్కుతూ ఒంటరిగా చిన్న పలుకు ఊదుతాడు. దాన్ని జుహార్ అంటారు. ఒక్కో ఇంటిది ఒక్కో వరస. ఖీరోదిని దాన్ని ప్రతి పాటలోనూ కోసేసేది. డిస్కులో చోటు చాలక కోసిన ముక్కల్ని చెరిపేసేది కూడా.

“నునీ, ఓ పిల్లా, నా జుహార్ మళ్లీ కోశావా?” అనేవాడు ముహురి ఊదే బేణుధర్ సునా, గుడాఖు పొగాకు ముద్దతో నల్లబడ్డ పళ్లు బయటపెట్టి.

“కొనేవాళ్లకి మొదటి దెబ్బనుంచే డోలు కావాలి దాదా. నీ దండాలెవరు వింటారు?”

“కొయ్యి, కొయ్యి. ఒకనాడు అదొచ్చి నీ నెత్తిన కూర్చుంటుంది చూడు.”

శ్రావణంలో బేణుధర్ కామెర్లతో పోయాడు.

కొత్త బియ్యం పండగ నువాఖాయి రెండు రోజులుందనగా, వాన పడుతున్న పొద్దుటిపూట అతని కొడుకు త్రిలోచన్ వచ్చాడు. చంకలో గుడ్డసంచిలో తండ్రి ముహురి, చేతిలో వేడి చావుల్ బరా, బియ్యప్పిండి వడల పొట్లం. ముప్పై ఏళ్లవాడు. పెళ్లిళ్లలో సినిమా పాటలు బాగానే ఊదుతాడు.

“మౌసీ, బాపా జుహార్ ఒక్కటన్నా ఉందా?”

“నీకు రాదా?”

“బాపా ఉన్నాడుగా అనుకున్నా. ఎక్కడికి పోతాడులే అని.” తల వంచుకున్నాడు. “కొత్త బియ్యం పెట్టేముందు దేవి గుడి దగ్గర జుహార్ ఊదితేగానీ డోలు మీద దెబ్బ పడదు. నాకు రాకపోతే పదంపూర్ మేళాన్ని పిలుస్తామన్నారు పెద్దలు. ఒకసారి వాళ్లొస్తే ఇక మా ఇంటికి పిలుపుండదు.”

ఖీరోదిని కొరికిన బరా ముక్కను పొట్లంలో పెట్టేసింది. ఆషాఢంలో బేణుధర్ వాయించిన చివరి పాట ఒక్కటే ఇంకా కొయ్యలేదు. అది వారం నుంచి టిక్కుటిక్కుమంటున్న పాత డిస్కులో ఉంది.

ముహురి పట్టీ ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపి, పాట పెట్టింది. ముందు ఒక దగ్గు. తర్వాత జుహార్. త్రిలోచన్ కళ్లు మూసుకున్నాడు. పలుకు అయిపోగానే డిస్కు మూడుసార్లు టిక్కుమని ఆగిపోయింది. తెరమీద పట్టీలన్నీ బూడిదరంగుకు తిరిగాయి. ఫైలు దొరకడం లేదని తెర చెప్పింది.

నిశ్శబ్దంలో మళ్లీ దగ్గు వినిపించింది. వెనకే ముహురి.

త్రిలోచన్ లేచిన ఊపుకి కుర్చీ పడింది. “ఏంటిది మౌసీ?”

“నేనేం ముట్టుకోలేదురా!”

ముహురి పట్టీని కూడా ఆపేసింది. ఏ పట్టీలోనూ గీత కదలడం లేదు. మాస్టర్ చానెల్లో మాత్రం రెండు ఆకుపచ్చ గీతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. నెల క్రితం చితి మీద కాలిపోయినవాడు మూడోసారి దగ్గాడు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నడినెత్తి మీదికి వెళ్లింది.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న వేరే పాట ముగింపు కోసం మాస్టర్ మీద, తెరలోనే ఉండే ప్రతిధ్వని పెట్టెను తగిలించింది. విన్నదాన్ని ఎనిమిది సెకన్లకోసారి తిప్పి పలికిస్తుంది, తిరిగినప్పుడల్లా కాస్త తగ్గిస్తూ. తియ్యడం మరిచిపోయింది. బేణుధర్ జుహార్ ఇప్పుడు అక్కడ తప్ప లోకంలో ఎక్కడా లేదు. సేవ్ చేస్తే పెట్టె మిగులుతుందిగానీ లోపలి పలుకు మిగలదు. పాటని మొదటినుంచి ఫైలుగా రాద్దామన్నా, డిస్కు పోయాక మొదట్లో ఇప్పుడేమీ లేదు.

“ఫోను తియ్యి! స్పీకరుకి ఆనించు. నోరు మెదపకు.”

ఆనించాడు. రెండు చుట్లయ్యాక సంచిలోంచి ముహురి తీసి దాని పీకను నాలుకతో తడిపాడు.

“వద్దురా, తిక్కలోడా! పాడైపోతుంది!”

“ఫోన్లో ఉంటే నాకొస్తుందా మౌసీ? బాపా ఊదుతుండగానే పట్టుకోవాలి.”

ఊదాడు. రెండో మలుపు దగ్గర తడబడ్డాడు. తండ్రి మళ్లీ వచ్చి అక్కడే సాఫీగా తిరిగాడు, కొడుకును దిద్దినట్టు. పలుకు తగ్గినకొద్దీ ఖీరోదిని మాస్టర్ పట్టీలో చప్పుడు పెంచే మీటను వెంట్రుకవాసి పైకి తోస్తోంది. దాంతోపాటు బుస్సుమనే హోరూ పెరుగుతోంది. మళ్లీ తప్పు. మళ్లీ దగ్గు, మళ్లీ జుహార్. మీట పైఅంచుకు తగిలింది. ఇక తొయ్యడానికి చోటు లేదు.

త్రిలోచన్ మలుపు సరిగ్గా తిప్పి, చివరిదాకా ఊది ఆపాడు. గదిలో హోరు మిగిలింది.

ఫోనులో విన్నారు. ముందు ఒక ముహురి, తర్వాత రెండు ముహురులు, మళ్లీ రెండు, చివరికి ఒకటి.

“ఈ చివరిది నువ్వేనా?” అంది.

“నేనే... అనుకుంటా.” ఇంకోసారి విన్నాడు. “ఏమో మౌసీ.”

నువాఖాయి పొద్దున్నే ఆమె కొత్తచీర కట్టుకుని త్రిలోచన్ వాళ్ల ఊరు వెళ్లి, గుడి దగ్గర ఆడవాళ్ల వెనక నిలబడింది. డోలువాళ్లు కర్రలెత్తి ఆగారు. త్రిలోచన్ ముహురి నోటిదాకా తెచ్చి, క్షణం ఆగి, దగ్గాడు. జలుబేమీ లేదు. పలుకులో అదీ ఒక భాగమనుకుని నేర్చుకున్నాడు.

ఖీరోదిని కుడిచెయ్యి చీర కుచ్చెళ్ల మీద పైకి పాకింది, మీటను వెతుక్కుంటూ.